క్యాంప్ పక్కనున్న ఆ చిన్న లైట్‌హౌస్ చూడాలా, వద్దా?

సముద్రం ఒడ్డున డేరా వేసుకుని నాలుగు రోజులు గడపాలనుకునేవాళ్ళ దగ్గర్నుంచి ఈ నెల చాలా ఉత్తరాలొచ్చాయి. వాటిలో డేరా సంగతి అడిగినవాళ్ళు తక్కువే. క్యాంప్‌కి దగ్గర్లో ఉన్న పాత లైట్‌హౌస్, ఒక్క గది మ్యూజియం, నీళ్ళు తగ్గితే నడిచి వెళ్ళగలిగే దీవి, ఇలాంటి చిన్న చోట్ల గురించే ఎక్కువమంది అడిగారు. మా నాన్నగారు లైట్‌హౌస్ కీపర్. నా చిన్నతనం ఆ దీపం కింద క్వార్టర్స్‌లోనే గడిచింది. కాబట్టి ఈ విషయంలో నేను మధ్యస్థంగా మాట్లాడలేను. చిన్న చోటైనా చూసి తీరాలనే నా పట్టుదల. కాకపోతే ఏ వేళకి వెళ్ళాలో, వెళ్ళాక దేని దగ్గర ఆగాలో తెలిసి ఉండాలి.

*

ప్రశ్న: సెలవుల్లో నాలుగు రోజులు క్యాంపింగ్‌కి వెళ్తున్నాం. దగ్గర్లో పాత లైట్‌హౌస్ ఉందట, పైకి ఎక్కనిస్తారట. "మెట్లు తప్ప అందులో ఏముంటుంది? ఆ పూట కూడా నీళ్ళలో ఉంటే పిల్లలకి సరదా" అంటున్నారు మావారు. పెద్దమ్మాయికి పన్నెండేళ్ళు, రెండో బిడ్డకి తొమ్మిదేళ్ళు. వెళ్ళమంటారా? – ఇద్దరు పిల్లల తల్లి

జవాబు: తప్పకుండా వెళ్ళండమ్మా. అయితే పొద్దున లేచి నేరుగా లైట్‌హౌస్ గేటు దగ్గరికి వెళ్ళిపోకండి. ముందురోజు రాత్రే మొదలుపెట్టండి. చీకటి పడ్డాక పిల్లలిద్దర్నీ డేరా బయట కూర్చోబెట్టి, సెకన్ల ముల్లున్న గడియారం ఒకరికి, కాగితం పెన్సిల్ ఇంకొకరికి ఇవ్వండి. దీపం మెరిసిన దగ్గర్నుంచి మళ్ళీ అదే వరస మొదలయ్యేదాకా ఎన్ని సెకన్లు పట్టింది, ఈలోపు ఎన్నిసార్లు మెరిసింది, రాసుకోమనండి. ఒకసారి లెక్కపెడితే తప్పొస్తుంది. నాలుగైదు సార్లు పెట్టనివ్వండి, వాళ్ళే సరిచేసుకుంటారు.

ఏ లైట్‌హౌస్ లెక్క దానిదే. ఒకటి అయిదు సెకన్లకోసారి మెరుస్తుంది. ఇంకొకటి గబగబా మూడుసార్లు మెరిసి, ఆ తర్వాత చాలాసేపు ఊరుకుంటుంది. కొన్నిట్లో వెలుగే ఎక్కువసేపు ఉండి, చీకటి మధ్యమధ్యలో కాసేపు వచ్చిపోతుంది. దగ్గరదగ్గరగా ఉన్న రెండు దీపాలకి ఒకే వరస ఇవ్వరు. రాత్రిపూట ఓడ నడిపే మనిషి ఆ మెరుపులు లెక్కపెట్టి, చార్టులో, అంటే సముద్రపు పటంలో వెతికి, తానెక్కడున్నాడో తేల్చుకుంటాడు. జీపీఎస్ వచ్చిన తర్వాత కూడా ఈ లెక్కలు చార్టుల మీద అచ్చవుతూనే ఉన్నాయి, ఎందుకంటే యంత్రం ఆగిపోయినా కళ్ళు పనిచేస్తాయి. మీకు దీపం ఎర్రగానో ఆకుపచ్చగానో కనిపిస్తే, అది కూడా రాసుకోమనండి. కొన్ని లైట్‌హౌస్‌లు ఒక్కో దిక్కుకి ఒక్కో రంగు చూపిస్తాయి. సాధారణంగా ఎర్రరంగు పడే వైపు రాళ్ళో, లోతు తక్కువ నీళ్ళో, ఏదో ఒక ప్రమాదం ఉంటుంది.

మర్నాడు లోపలికి వెళ్ళినప్పుడు పిల్లల చేతే అడిగించండి: "మీ దీపం ఇరవై సెకన్లకి మూడుసార్లు కదండీ?" అని. అక్కడున్న మనిషి వాళ్ళని చూసే తీరే మారిపోతుంది. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మా నాన్నని అడిగింది "మెట్లెన్ని?" అనే. దీపం గురించి అడిగిన పిల్లల్ని మాత్రం ఆయన చెయ్యి పట్టుకుని పైదాకా తీసుకెళ్ళేవారు.

పైకి ఎక్కగానే అందరూ బాల్కనీలోకి పరిగెడతారు. మీరు ముందు లెన్స్ దగ్గర ఆగండి. పెద్ద లైట్‌హౌస్ అయితే మనిషి ఎత్తుకి మించిన గాజు గూడు ఉంటుంది. మధ్యలో గుండ్రటి కటకం, దాని చుట్టూ వలయాలు వలయాలుగా గాజు పట్టకాలు, వాటన్నిటినీ పట్టి ఉంచే ఇత్తడి చట్రం. ఫ్రాన్స్‌కి చెందిన భౌతిక శాస్త్రవేత్త అగస్టిన్ ఫ్రెనెల్ ఆలోచన ఇది. మందపాటి కటకం ఒక్కటే పెడితే మోయలేనంత బరువు, పైగా అంత గాజులో వెలుగు కొంత ఇంకిపోతుంది. అందుకని కటకం వంపుని మాత్రం ఉంచి, లోపలి మందాన్ని తీసేసి, పలచటి వలయాలుగా పేర్చాడాయన. 1823లో ఫ్రాన్స్ తీరంలోని కోర్డువాన్ లైట్‌హౌస్‌లో మొదటిసారి వెలిగించారు. నలుదిక్కులా చెదిరిపోయే వెలుగు ఒక్క పట్టీగా సముద్రం మీదికి మళ్ళింది. నాలుగేళ్ళకే, 39 ఏళ్ళ వయసులో, ఫ్రెనెల్ క్షయతో పోయాడు. ఆయన పద్ధతిలో చేసిన లెన్స్‌లు ప్రపంచమంతటా తీరాల మీద నిలబడ్డాయి.

అక్కడివాళ్ళు ఒప్పుకుంటే పిల్లల్ని ఆ గుండ్రటి కటకం ముందు, కాస్త వెనక్కి నిలబెట్టి చూడమనండి. దాంట్లోంచి సముద్రం పైన, ఆకాశం కింద కనిపిస్తాయి. పన్నెండేళ్ళ పిల్లకి ఇంతకంటే మంచి ఫిజిక్స్ పాఠం ఉండదు. గాజుని మాత్రం ముట్టుకోనివ్వకండి. వేలి జిడ్డు అంటితే తుడవడం పెద్ద పని. మా నాన్న లెన్స్ తుడిచేటప్పుడు చేతి ఉంగరం తీసేసి, చొక్కా గుండీలు గీసుకోకుండా బట్ట ఏప్రన్ కట్టుకునేవారు. పొద్దున్నే దీపం ఆర్పాక చుట్టూ తెరలు లాగేవారు. ఎందుకంటే లోపలి వెలుగుని బయటికి పంపే గాజే, బయటి ఎండని లోపలికి కూడా కూడదీస్తుంది. తెర లేకపోతే దీపం సామాను మాడిపోతుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు. మీరు వెళ్ళేసరికి తెరలు వేసి ఉంటే, ఏదో దాస్తున్నారనుకోకండి.

లెన్స్ కింద ఏముందో కూడా అడగండి. కొన్ని పాత లైట్‌హౌస్‌లలో టన్నుల బరువున్న లెన్స్‌ని పాదరసం నింపిన తొట్టిలో తేల్చేవారు. వేలితో నెడితే తిరిగేది. మోటార్లు రాకముందు గోడగడియారంలో లాగే బరువు కిందికి దిగుతూ దాన్ని తిప్పేది, ఆ బరువు అడుగుకి చేరకముందే కీపర్ మళ్ళీ పైకి చుట్టాలి. రాత్రంతా అదే పని. చాలా చోట్ల ఇప్పుడు చిన్న ఎల్‌ఈడీ దీపం పెట్టి, పాత లెన్స్‌ని కింద గదిలో ప్రదర్శనకి ఉంచారు. అలా ఉంటే ఇంకా మేలు. పైనకంటే కిందే దగ్గరగా చూడొచ్చు.

ఇక బాల్కనీ. మీవారికి బైనాక్యులర్స్ ఇచ్చి, పొద్దున బీచ్‌లో ఉన్నప్పుడే దూరంగా పోయే ఓడనొకదాన్ని చూసి పెట్టుకోమనండి. ఒడ్డున నిలబడితే మన కళ్ళకి అందే సముద్రం నాలుగున్నర కిలోమీటర్లకి కాస్త పైమాటే. అందుకే దూరపు ఓడకి పైభాగమే కనిపిస్తుంది, కింది భాగం నీళ్ళ వంపు చాటున ఉంటుంది. ముప్ఫై మీటర్ల ఎత్తుకి ఎక్కితే చూపు దాదాపు పందొమ్మిదిన్నర కిలోమీటర్లు పోతుంది, ఓడ పూర్తిగా బయటపడుతుంది. లెక్క తేలికే: కళ్ళున్న ఎత్తుని మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి, 3.57తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. పెద్దమ్మాయి చేత వేయించండి. భూమి గుండ్రంగా ఉందని పుస్తకంలో చదవడం వేరు, మెట్లెక్కితే ఓడ అడుగు కనిపించడం వేరు.

బాల్కనీలో గాలి ఒడ్డున ఉన్నదానికంటే గట్టిగా ఉంటుంది. టోపీలు తీసి సంచిలో పెట్టండి. రెయిలింగ్ బయటికి చేతులు చాపి ఫోటోలు తీయొద్దు. కిందపడ్డ ఫోన్ పోతే పోయింది, కింద నడిచేవాళ్ళ సంగతి ఆలోచించండి.

*

ప్రశ్న: మాతో మా అత్తగారు కూడా వస్తున్నారు. మోకాళ్ళ నొప్పి, మెట్లు ఎక్కలేరు. మేం పైకి వెళ్తే ఆవిడొక్కరే కింద కూర్చోవాలి. ఆవిడకి బాధ, మాకు మొహమాటం. మానేద్దామా? – ఒక కోడలు

జవాబు: మానకండి. ఆవిణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి బ్యాగులు అప్పజెప్పి మాత్రం వెళ్ళకండి. లైట్‌హౌస్‌లో సగం కథ కిందే ఉంటుంది. ముందు అందరూ కలిసి కిందంతా చూడండి. తలుపు దగ్గర గోడ మందం ఎంతుందో ఆవిడ చేత్తో కొలవమనండి. గోడ పైకి పోయేకొద్దీ ఎలా సన్నబడిందో కింద నిలబడితేనే తెలుస్తుంది.

ఆ అడుగు వెడల్పు వెనక ఒక ఇంజనీరు ఉన్నాడు. ఇంగ్లండ్ తీరానికి దూరంగా, ఎడిస్టోన్ అనే రాతి మీద అంతకుముందు కట్టిన లైట్‌హౌస్‌ల్లో ఒకటి తుఫానుకి పోయింది, ఇంకొకటి కాలిపోయింది. ఆ ఇంజనీరు, జాన్ స్మీటన్, ఓక్ చెట్టు మొదలుని చూసి, అలాగే అడుగు వెడల్పుగా, పైన సన్నగా కట్టాడు. రాళ్ళని ఒకదాంట్లో ఒకటి ఇరుక్కునేలా చెక్కించాడు. 1759లో దీపం వెలిగింది. వందేళ్ళు దాటాక కట్టడం గట్టిగానే ఉంది కానీ, దాని కిందున్న కొండరాయిని అలలు తొలిచేశాయి. పక్కనే కొత్తది కట్టి, పాతదాని పైభాగాన్ని రాయి రాయి విప్పి తెచ్చి ప్లిమత్‌లో ఒడ్డు మీద మళ్ళీ నిలబెట్టారు. అడుగు మొద్దు మాత్రం ఇప్పటికీ సముద్రంలోనే ఉంది. ఈ సంగతి మీ అత్తగారికి చెప్పి, మీ లైట్‌హౌస్ పునాది దేనిమీద నిలబడిందో అక్కడి మనిషిని ఆవిడనే అడగనివ్వండి.

పైకి వెళ్ళేటప్పుడు రెండు జట్లుగా వెళ్ళండి, ఎవరో ఒకరు ఆవిడ దగ్గర ఉండేలా. ఇంకో మాట. గోడ మీది రంగు పట్టీలు దూరం నుంచే అందం. పగటిపూట ఓడలవాళ్ళు గుర్తుపట్టడానికే ఒక్కో దానికి ఒక్కో రకంగా వేస్తారు. వెలుతురు తగ్గే వేళకి ఆవిణ్ణి డేరా ముందు కుర్చీలో కూర్చోబెడితే, మొదటి మెరుపు మీకంటే ముందు ఆవిడే చూడొచ్చు.

*

ప్రశ్న: మేం అయిదుగురు స్నేహితులం. క్యాంప్ ఎదురుగా చిన్న దీవి ఉంది, దానిమీద పాడుబడ్డ బురుజు. నీళ్ళు తగ్గినప్పుడు ఇసుకలో నడిచి వెళ్ళొచ్చంటున్నారు. ఫోన్‌లో పోటు టైం చూసుకుని వెళ్తే సరిపోతుందా? – కాలేజీ విద్యార్థి

జవాబు: సరిపోదు బాబూ. నాకు టెన్షన్ పెట్టిన ఉత్తరం ఇదొక్కటే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నీళ్ళు ఒక పోటు నుంచి ఇంకో పోటుకి చాలా తీరాల్లో సుమారు 12 గంటల 25 నిమిషాలు తీసుకుంటాయి. అంటే ఇవాళ పదింటికి నీళ్ళు పూర్తిగా తగ్గితే, రేపు దాదాపు పది యాభైకి తగ్గుతాయి. నిన్న వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పిన టైం ఇవాళ పనికిరాదు. అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులు నీళ్ళు బాగా వెనక్కి పోతాయి, అంతే గట్టిగా ముందుకొస్తాయి. దీవికి దారి తేలేది ఆ రోజుల్లోనే, ప్రమాదం ఎక్కువుండేది కూడా ఆ రోజుల్లోనే. అష్టమి దగ్గర్లో తేడా తక్కువ, ఒక్కోసారి దారి అసలు తేలకపోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. నీళ్ళు ఒకే వేగంతో పెరగవు. ఆటుకీ పోటుకీ మధ్య తేడా మూడు మీటర్లనుకోండి. నీళ్ళు తిరిగాక మొదటి గంటలో పెరిగేది పాతిక సెంటీమీటర్లే. "ఇంకా చాలా టైముంది" అనిపిస్తుంది. రెండో గంటలో యాభై. మూడో గంటలో డెబ్భై అయిదు, నాలుగో గంటలో మరో డెబ్భై అయిదు. ఆ తర్వాత మళ్ళీ నెమ్మదిస్తుంది. అంటే మధ్య రెండు గంటల్లోనే సగం నీళ్ళు వచ్చేస్తాయి. ఇది ఉజ్జాయింపు లెక్క, తీరాన్నిబట్టి మారుతుంది, కానీ మనుషులు మోసపోయే తీరు అన్ని చోట్లా ఒకటే. మొదటి గంటని చూసి మిగతా గంటల్ని అంచనా వేస్తారు.

రెండో మోసం నేలది. ఇసుక దారి చదునుగా కనిపిస్తుంది కానీ, చాలాచోట్ల ఒడ్డుకి దగ్గర్లోనే పల్లం ఉంటుంది. మీరు దీవి మీద పొడి రాళ్ళమీద నిలబడి ఉండగానే వెనక పల్లంలోకి నీళ్ళు పక్కనుంచి వచ్చి చేరతాయి. చూసేసరికి మీకూ ఒడ్డుకీ మధ్య కాలువ పారుతుంటుంది, దాని లాగుడు నడుములోతులోనే మనిషిని పడేస్తుంది.

ఫోన్ చూపించే టైం ఏదో ఒక రేవుకి లెక్కగట్టింది. మీ దీవికి కొన్ని నిమిషాలు తేడా ఉండొచ్చు. అది వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోదు. ఒడ్డువైపు గాలి గట్టిగా వీస్తున్నా, వాయుపీడనం పడిపోయినా, నీళ్ళు చెప్పినదానికంటే ఎక్కువొస్తాయి, ముందే వస్తాయి. కాబట్టి క్యాంప్ నడిపేవాళ్ళనో, ఆ నీళ్ళలో వేటకెళ్ళేవాళ్ళనో అడగండి. "ఇవాళ ఎన్నింటికల్లా వెనక్కి రావాలి?" అని అడగాలి, "వెళ్ళొచ్చా?" అని కాదు. రెండో ప్రశ్నకి ఎవరైనా మొహమాటానికి "ఆ, వెళ్ళొచ్చు" అనేస్తారు.

నీళ్ళు ఇంకా తగ్గుతూ ఉండగానే బయల్దేరండి. పూర్తిగా తగ్గే వేళకి దీవి మీంచి వెనక్కి అడుగు పడాలి. ఆ తర్వాత బురుజు మీద ఒక్క ఫోటో కోసం కూడా ఆగొద్దు. ఇంగ్లండ్‌లో లిండిస్ఫార్న్ దీవికి సముద్రంలోంచి తారురోడ్డే ఉంది, క్షేమంగా దాటే వేళలు బోర్డు మీద రాసి ఉంటాయి, దారి మధ్యలో చిక్కుకున్నవాళ్ళు ఎక్కి కూర్చోవడానికి స్తంభాల మీద చిన్న గది కట్టారు. అయినా కార్లు మునుగుతూనే ఉన్నాయి. దీవి మీదే చిక్కుకుపోతే ఈదడానికో, నడవడానికో చూడకండి. ఎత్తు మీదికి ఎక్కి, రక్షణ సిబ్బందికి ఫోన్ చేసి కూర్చోండి. చలి, ఆకలి తప్ప పోయేదేమీ ఉండదు, నీళ్ళు మళ్ళీ తగ్గుతాయి. అందుకని నీళ్ళు, స్వెటర్, ఛార్జి ఉన్న ఫోన్ వెంట ఉండాలి. బురుజు గోడలు పాతవి, పైకి ఎక్కొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇన్ని చెప్పినా, వెళ్ళొద్దని నేననను. నీళ్ళు పోయిన సముద్రం అడుగున నడవడం అన్నది మనిషి జీవితంలో ఒక్కసారైనా చేయాల్సిన పని. కెనడాలో ఫండీ అఖాతంలో పోటు పదహారు మీటర్ల దాకా లేస్తుంది. అక్కడ హోప్‌వెల్ రాక్స్ దగ్గర పొద్దున పడవలు తిరిగినచోట మధ్యాహ్నం జనం నడుస్తారు. మీ దీవి అంతకంటే చిన్నదే కావచ్చు, దారి తేలడం వెనకున్న కారణం మాత్రం అదే.

*

ప్రశ్న: రాళ్ళ మధ్య నిలిచిన నీటి గుంటల్లో మా అబ్బాయి గవ్వలు, పీతలు ఏరి సీసాలో వేసుకుంటానంటాడు. తప్పా? – ఒక తండ్రి

జవాబు: సీసా వద్దండి. గుంట పక్కన బోర్లా పడుకుని చూడటం నేర్పండి. కదలకుండా అయిదు నిమిషాలుంటే దాక్కున్నవన్నీ బయటికొస్తాయి. మీ నీడ నీళ్ళమీద పడకుండా కూర్చోండి.

ఖాళీ గవ్వ అని అబ్బాయి అనుకునేది సన్యాసి పీతకి ఇల్లు. అది పెరిగేకొద్దీ ఇంకా పెద్ద గవ్వలోకి మారాలి. దొరక్కపోతే మెత్తటి వెనక భాగం కాపాడుకోలేదు. రాతికి చిన్న గొడుగులా అంటుకుని ఉండే నత్త జాతి జీవి ఒకటుంటుంది, లింపెట్ అంటారు. నీళ్ళున్నప్పుడు తిరిగి మేసి, చాలా జాతులు నీళ్ళు పోయేలోపు తమ చోటికే వచ్చి కూర్చుంటాయి. ఆ రాతి మీద దాని చిప్ప అంచుకి సరిపోయే గుండ్రటి గుర్తు పడి ఉంటుంది. దాన్ని పీకి ఇంకోచోట పెడితే ఎండకి ఎండిపోవచ్చు. దాని పళ్ళలో ఉన్న పదార్థం, ప్రకృతిలో అప్పటిదాకా కొలిచినవాటన్నిటికంటే బలమైనదని 2015లో తేల్చారు. మిల్లీమీటరు కంటే చిన్న పళ్ళవి, రాయి మీది పాచిని గీకి తింటాయి. ఈ ఒక్క మాట చెప్పి చూడండి, మీవాడు సీసా మర్చిపోతాడు. రాయి ఎత్తి చూస్తే, మళ్ళీ అదే చోట, అదే వైపు కిందికి వచ్చేలా పెట్టమనండి. కింద బతికేవి ఎండకి ఆగలేవు.

*

ప్రశ్న: మేం వెళ్ళే చోట ఒక్క గది మ్యూజియం ఉంది. పోయినసారి పది నిమిషాల్లో బయటికొచ్చేశాం. పాత తాళ్ళు, తుప్పు పట్టిన లంగరు, మసకబారిన ఫోటోలు. మళ్ళీ వెళ్ళి ఏం చూడాలి? – ఒక పాఠకురాలు

జవాబు: పది నిమిషాల్లో బయటికొచ్చారంటే గదంతా చూశారన్నమాట. ఈసారి గదంతా చూడకండి. ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో వస్తువు ఎంచుకుని, దాని దగ్గరే నిలబడండి. తాడైతే ఎక్కడ అరిగిందో, లంగరైతే ఏ కొమ్మ వంగిందో వెతకండి. ఆ తర్వాత కౌంటర్ దగ్గరున్న మనిషిని అడగండి. చిన్న మ్యూజియాల్లో చీటీ మీద రాసింది రెండు ముక్కలే ఉంటుంది, మిగతా కథంతా ఆ మనిషి నోట్లో ఉంటుంది. అక్కడ కూర్చునేవాళ్ళలో చాలామంది జీతానికి కాదు, ఇష్టానికి వచ్చినవాళ్ళు. అడిగేవాళ్ళ కోసమే ఎదురుచూస్తుంటారు.

మామూలు వస్తువు వెనక ఏముంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో బాంబరా అనే చిన్న ఊళ్ళో మ్యూజియం ఉంది. అందులో ఒక చెక్క పడవ. దూరం నుంచి చూస్తే మీరన్నట్టు పాత సామానే. 1838 సెప్టెంబర్ 7 తెల్లవారుజామున ఫోర్‌ఫార్‌షైర్ అనే ఆవిరి ఓడ తుఫానులో రాళ్ళకి కొట్టుకుని విరిగిపోయింది. దగ్గర్లోని లాంగ్‌స్టోన్ లైట్‌హౌస్ కీపర్ కూతురు గ్రేస్ డార్లింగ్ కిటికీలోంచి చూసింది. ఆమెకప్పుడు 22 ఏళ్ళు. తండ్రీ కూతుళ్ళిద్దరూ ఆ అలల్లో తెడ్లేసుకుంటూ పోయారు. తండ్రి రాతి మీదికి దూకి మనుషుల్ని అందుకుంటుంటే, పడవ రాళ్ళకి కొట్టుకోకుండా ఆమె ఒక్కతే నిలిపింది. రెండు దఫాల్లో మొత్తం తొమ్మిదిమంది లైట్‌హౌస్‌కి చేరారు. ఆ పడవే ఇది. కీపర్ కూతురిగా ఆ కథ వింటూ పెరిగినదాన్ని. ఒక మనిషి, అలల్లో, రెండు తెడ్లతో, ఇంత బరువైన పడవని నిలబెట్టడమంటే ఏమిటో పడవ పక్కన నిలబడితేనే తెలుస్తుంది.

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, లైమ్ రీజస్‌ అనే ఊళ్ళో, మేరీ ఆనింగ్ పుట్టిన ఇల్లున్న చోటే ఇప్పుడు మ్యూజియం. పేద వడ్రంగి కూతురు. కొండ విరిగిపడ్డప్పుడల్లా ఒడ్డున శిలాజాలు ఏరి అమ్మి ఇల్లు నడిపారు. 1811లో ఆమె అన్న ఒక పుర్రె కనిపెడితే, మరుసటి ఏడాది మిగతా అస్థిపంజరం ఆమె బయటికి తీసింది. ఇక్తియోసార్ అనే సముద్రపు సరీసృపం అది. 1823లో ప్లీసియోసార్ అనే మరో సముద్రపు సరీసృపం పూర్తి అస్థిపంజరం. చదువుకున్న పెద్దమనుషులు ఆమె దగ్గర కొనుక్కెళ్ళి పేపర్లు రాశారు, చాలావాటిలో ఆమె పేరు లేదు. ఇవాళ ఆ ఊరికి శిలాజాల కోసం వెళ్ళేవాళ్ళు ఆమె బతికిన చోటు కూడా చూడొచ్చు. మీ మ్యూజియంలో ఇంత పేరున్నవాళ్ళు ఉండకపోవచ్చు. మసకబారిన ఆ ఫోటోల్లో ఎవరో ఒకరు ఒకనాటి రాత్రి సముద్రంలోకి వెళ్ళినవాళ్ళే అయ్యుంటారు. ఎవరని అడగండి.

వాన పడే పూట ఈ మ్యూజియానికి దాచిపెట్టుకోండి. డేరాలో తడి బట్టల మధ్య ముడుచుకుని కూర్చోవడం కంటే మేలు, ఆ పూట అక్కడ రద్దీ తక్కువైతే ఆ మనిషికి కూడా మీతో మాట్లాడే తీరిక ఉంటుంది.

*

ప్రశ్న: గంటసేపు నడిచి వెళ్తే తలుపు తాళం వేసి ఉంది. టైంకే వెళ్ళాం. – విసిగిపోయిన ఒకరు

జవాబు: మీ విసుగు అర్థమైంది. చిన్న చోట్లు నడిపేది ఒకరో ఇద్దరో మనుషులు. ఒకరికి జ్వరమొస్తే ఆ రోజు తలుపు తెరుచుకోదు. గాలి ఎక్కువుంటే లైట్‌హౌస్ పైకి పంపరు, అది వాళ్ళిష్టం కాదు, భద్రత. ముందురోజు సాయంత్రం ఫోన్ చేయండి. క్యాంప్ ఆఫీసులో అడిగితే తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా చెబుతారు చాలాసార్లు. మొదటిరోజే వెళ్ళండి, ఆఖరి రోజుకి పెట్టుకోకండి. మొదటిరోజు మూసి ఉంటే ఇంకా రోజులుంటాయి.

*

ప్రశ్న: ఇవన్నీ చూడ్డానికి వెళ్తే డేరాకి కాపలా ఎవరు? గాలికి ఎగిరిపోతుందేమోనని నేను ఎక్కడికీ కదల్లేకపోతున్నాను. – ఒక కుటుంబ పెద్ద

జవాబు: మామూలు మేకులు ఇసుకలో పట్టవు, మీ భయం నిజమే. ఒక్కో తాడు చివర గుడ్డ సంచి కట్టి, దాన్నిండా ఇసుక నింపి, మోకాలి లోతున పాతిపెట్టండి. పైన ఇసుక తొక్కి గట్టిపరచండి. ఇలా కట్టిన డేరా మామూలు గాలికి కదలదు. తలుపు గాలి వచ్చే వైపు ఉండకూడదు. ఎండిన నాచు, పుల్లలు ఒక గీతలా పేరుకుని ఉంటాయి చూడండి, కిందటి పోటు అక్కడిదాకా వచ్చిందని గుర్తు. డేరా దానికి బాగా పైన ఉండాలి. అమావాస్యో పౌర్ణమో దగ్గరపడుతుంటే ఇంకా పైకి జరపండి. అలాగని గడ్డి మొలిచిన ఇసుక దిబ్బల మీద మాత్రం వేయకండి, దిబ్బని పట్టి ఉంచేవి ఆ వేళ్ళే.

వేళ కూడా మీ చేతిలోనే ఉంది. ఎండెక్కేకొద్దీ నేల వేడెక్కి, సముద్రం మీంచి గాలి ఒడ్డుకి లాగుతుంది. మధ్యాహ్నం దాటాక అది బాగా బలం పుంజుకుంటుంది. అందుకని పొద్దున్నే వెళ్ళి, ఎండ నడినెత్తికి వచ్చేసరికి తిరిగొచ్చేలా పెట్టుకోండి. లైట్‌హౌస్ పైన కూడా పొద్దున్నే గాలి తక్కువ, చూపు శుభ్రంగా ఉంటుంది. స్టవ్ ఆర్పి సిలిండర్ మూసేయండి, తినేవి పక్షులకి అందకుండా మూతపెట్టిన డబ్బాలో ఉంచండి, డబ్బులు, కాగితాలు వెంట తీసుకెళ్ళండి. తాళ్ళు ఒకసారి బిగించి, ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికల్లా వస్తారో పక్క డేరావాళ్ళకి చెప్పి బయల్దేరండి.